చిన్న పిడుదు - పెద్ద జ్వరం

జ్వరం వచ్చి డాక్టరు దగ్గరకు వెళితే ఆయన అడిగే ప్రశ్నలు మీ అందరికీ కంఠతా వచ్చే వుంటాయి. ఎన్నాళ్ళ నుంచి వస్తోంది? చలితో వస్తోందా? దగ్గు వుందా? మూత్రంలో మంట వుందా? ఈమధ్య ఏ వూరైనా వెళ్ళివచ్చారా? ఈ జాబితాకు కొన్నేళ్ళుగా నేను ఇంకొక ప్రశ్న చేర్చాను. "మీ ఒంటిమీద పిడుదు గాని పట్టిందా? ఇంట్లో కుక్క వుందా?" అని.

ఈ ప్రశ్న వినగానే చాలామంది ముఖం చిట్లిస్తారు. ఒక పెద్దాయన "నేను రిటైరైన హెడ్మాస్టర్నండీ, పశువుల కాపరిని కాను" అన్నారు. అందులో చిన్నతనం ఏమీ లేదు. పిడుదుకు మనిషి హోదాతో పని లేదు. దానికి కావలసింది వెచ్చని చర్మం, దాని కింద పారే రక్తం. ఆ రెండూ హెడ్మాస్టరుకూ వున్నాయి, కాపరికీ వున్నాయి.

కొందరు గోమారి అంటారు, కొందరు పిడుదు అంటారు. ఆవు చెవిలోనో, గేదె పొదుగు దగ్గరో, కుక్క మెడ కిందో గింజలా కరుచుకుని వేలాడుతూ వుంటుంది. చాలామంది దీన్ని పేను జాతి అనుకుంటారు. కాని ఇది సాలెపురుగుకు దగ్గర చుట్టం. పెద్దదానికి ఎనిమిది కాళ్ళు వుంటాయి. ఎగరలేదు, గెంతలేదు. గడ్డిపరక చివరకు ఎక్కి, ముందుకాళ్ళు చాచి, పక్కనుంచి వెళ్ళే జంతువును పట్టుకుంటుంది. గుడ్డు నుంచి బయటపడ్డ పిల్ల ఒకసారి, నడిమి వయసులో ఒకసారి, పెద్దదయ్యాక ఒకసారి రక్తం తాగుతుంది. చాలా జాతుల్లో ఈ మూడుసార్లూ మూడు వేరువేరు జంతువుల మీద జరుగుతుంది. అసలు చిక్కు ఇక్కడే వుంది. మొదట ఎలుక రక్తం తాగినప్పుడు ఎక్కించుకున్న సూక్ష్మజీవిని తర్వాత మనిషికి అంటించగలదు. నడిమి వయసు పిడుదు గసగసాల గింజంత వుంటుంది. అది కుట్టినా నొప్పి తెలియదు. అందుచేత "నన్నేదీ కుట్టలేదండీ" అని రోగి చెబితే అది అబద్ధం కాదు, కాని పూర్తి నిజమూ కాకపోవచ్చు.

కొత్త పేర్లు, పాత శత్రువు

పిడుదుల వల్ల జబ్బులు వస్తాయన్న సంగతి కొత్తది కాదు. అమెరికాలో రాకీ పర్వతాల ప్రాంతంలో ఒంటినిండా మచ్చలు వేసి మనుషుల్ని చంపే జ్వరం ఒకటి వుండేది. అది పిడుదు ద్వారా వస్తుందని హోవార్డ్ రికెట్స్ అనే శాస్త్రజ్ఞుడు 1906లో నిరూపించాడు. తర్వాత ఆయన మెక్సికోలో టైఫస్ జ్వరాన్ని పరిశోధిస్తూ, 1910లో ఆ జ్వరంతోనే మరణించాడు. ఆ జాతి సూక్ష్మజీవులకు రికెట్సియా అని ఆయన పేరే పెట్టారు.

ఆ తర్వాత 1975లో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో లైమ్ అనే వూళ్ళో, ఆ చుట్టుపక్కలా, చాలామంది పిల్లలకు మోకాళ్ళు వాచాయి. ఇంతమంది పిల్లలకు ఒక్కసారి కీళ్ళవాతం ఎలా వస్తుందని పట్టుబట్టి అడిగినవాళ్ళు ఆ పిల్లల తల్లులు. వాళ్ళు అలా అడగబట్టే పరిశోధన మొదలయింది. 1980ల మొదట్లో విల్లీ బుర్గ్‌డార్ఫర్ అనే శాస్త్రజ్ఞుడు పిడుదుల్లో ఆ బాక్టీరియాను చూశాడు. అదే లైమ్ వ్యాధి. తర్వాత ఎర్లికియోసిస్, అనాప్లాస్మోసిస్ అని ఒకదాని వెంట ఒకటి బయటపడ్డాయి. ఈ పేర్లు గుర్తుపెట్టుకోనక్కర లేదు. గుర్తుపెట్టుకోవలసింది ఒకటే. ఇలాంటి జబ్బులు ఇంకా కొత్తగా బయటపడుతూనే వున్నాయి, అవి అందరి మీదా ఒకేలా పనిచేయవు.

బలహీనుల్ని వెతికే జబ్బు

ఇందుకు మంచి ఉదాహరణ స్వీడను దేశంలో దొరికింది. జపానులో మికురా అనే చిన్న దీవి వుంది. అక్కడి ఎలుకల్లో కనిపించిన ఒక బాక్టీరియాకు 2004లో నియోఎర్లికియా మికురెన్సిస్ అని పేరు పెట్టారు. ఎలుకల్లో వుంది, పిడుదుల్లో వుంది. మనిషికి దీనివల్ల జబ్బు చేస్తుందా అన్నది అప్పటికి తెలియదు. 2010లో స్వీడను డాక్టర్లు మొదటి రోగిని గురించి ప్రకటించారు. ఆ రోగికి అప్పటికే రక్త క్యాన్సరు వుంది. జ్వరం వస్తోంది, రక్తాన్ని కల్చరు చేస్తే ఏమీ పెరగలేదు. చివరకు ఆ రక్తంలో వున్న జన్యుపదార్థాన్ని పరీక్షిస్తే ఈ మికురా దీవి బాక్టీరియా బయటపడింది. అదే ఏడాది జర్మనీ నుంచీ, స్విట్జర్లండు నుంచీ కూడా ఇలాంటి రోగుల వివరాలు వచ్చాయి.

ఆ తర్వాత బయటపడిన రోగుల్ని చూస్తే వాళ్ళలో చాలామందికి ఒక పోలిక కనబడింది. కొందరికి రక్త క్యాన్సరు, లింఫోమా. కొందరికి కీళ్ళవాతం వంటి జబ్బులు, అంటే శరీరం తనమీద తానే తిరగబడే జబ్బులు. కొందరికి ఆపరేషను చేసి ప్లీహం తీసేశారు. రిటుక్సిమాబ్ అనే ఇంజక్షను తీసుకున్నవాళ్ళు వీళ్ళలో చాలామంది వున్నారు.

ఎందుకిలా? మన రక్తంలో బి కణాలు అనేవి వుంటాయి. క్రిములకు విరుగుడు పదార్థాలు, అంటే యాంటీబాడీలు, తయారయ్యేది వాటి ద్వారానే. రిటుక్సిమాబ్ ఈ కణాల్ని తుడిచిపెడుతుంది. లింఫోమా, కీళ్ళవాతం తగ్గడానికి అదే కారణం. ఆ మందు ఎందరి ప్రాణాలో నిలబెట్టింది, దానిని నేను తప్పు పట్టడం లేదు. కాని ఇంజక్షను తీసుకున్నాక నెలల తరబడి ఆ కాపలా వుండదు. ప్లీహం సంగతీ అంతే. అది రక్తాన్ని జల్లెడ పట్టే అవయవం. జల్లెడ తీసేస్తే చెత్త రక్తంలోనే తిరుగుతుంది. ఇటు చూస్తే, పోలండులో అడవుల్లో పనిచేసే ఆరోగ్యవంతుల రక్తంలో కూడా ఈ బాక్టీరియా కనిపించింది. వాళ్ళకు ఏ బాధా లేదు. అలాగని ఆరోగ్యవంతులకు అసలు రాదని కాదు. చైనాలో మామూలు ఆరోగ్యం వున్న కొందరికి జ్వరం వచ్చినట్లు 2012లో రాశారు. కాని తీవ్రంగా పట్టి పీడించేది మాత్రం నిరోధకశక్తి తగ్గినవాళ్ళనే.

ఈ బాక్టీరియా రక్తనాళాల లోపలి పొరలోని కణాల్లో కాపరం పెడుతుంది. ఆ పొర చెడితే రక్తం గడ్డకడుతుంది. అందుకే ఈ రోగుల్లో జ్వరం, చలి, రాత్రి చెమటలు, కీళ్ళనొప్పులు, బరువు తగ్గడంతోపాటు పిక్కల్లో రక్తం గడ్డకట్టి కాలు వాయడం, ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరడం వంటివి జరుగుతాయి.

పై లక్షణాలు ఇంకొకసారి చదవండి. జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం. లింఫోమా వచ్చి తగ్గిన మనిషికి ఇవి కనబడితే మనసులో మొట్టమొదట వచ్చే అనుమానం ఏమిటి? క్యాన్సరు తిరగబెట్టిందని. ఇంటిల్లిపాదికీ అదే భయం. డాక్టరుకూ అదే అనుమానం. కీళ్ళవాతం రోగి అయితే పాత జబ్బే మళ్ళీ రేగిందనుకుంటారు. అప్పుడు నిరోధకశక్తిని ఇంకా అణిచే మందులు ఇచ్చే ప్రమాదం వుంది. అది నిప్పు మీద కిరసనాయిలు పోసినట్లవుతుంది. మామూలుగా కల్చరు చేస్తే ఈ క్రిమి పెరగదు. యాంటీబాడీ పరీక్షలతో దీన్ని పట్టుకోవడమూ కుదరదు, ఎందుకంటే ఈ రోగుల్లో చాలామందికి యాంటీబాడీలు తయారయ్యే శక్తే వుండదు. ఆస్పత్రిలో సామాన్యంగా ఎక్కించే పెన్సిలిన్ జాతి మందులు, సెఫలోస్పోరిన్లు దీనిమీద పనిచేయవు. పి.సి.ఆర్. అనే జన్యు పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. అనుమానం వస్తేనే గదా ఆ పరీక్ష చేయించేది!

ఇంత కథా చెప్పాక మందు పేరు చెబితే ఆశ్చర్యపోతారు. డాక్సీసైక్లిన్. 1967 నుంచి వాడుకలో వున్న పాత మందు, ఖరీదైనదీ కాదు. సాధారణంగా మూడు వారాలు ఇస్తారు. కొద్దిరోజుల్లోనే జ్వరం దిగిపోతుంది. నెలల తరబడి క్యాన్సరు తిరగబెట్టిందని కుమిలిపోయే కుటుంబానికి ఆ మాత్రలే మళ్ళీ నిద్ర పట్టిస్తాయి.

మనకెందుకు ఈ గొడవ?

"స్వీడను ఎక్కడ, మనమెక్కడ డాక్టరు గారూ?" అని మీరు అడగవచ్చు. ఈమధ్య నా దగ్గరకు ఒకావిడ వచ్చారు. అరవై దాటిన మనిషి. లింఫోమాకు వైద్యం పూర్తయి ఏడాది కాలేదు, రిటుక్సిమాబ్ తీసుకున్నారు. అమ్మాయి, అల్లుడు స్వీడనులో గోటెబోర్గ్ నగరంలో వుద్యోగాలు చేస్తున్నారు. అమ్మాయికి నెలలు నిండుతున్నాయి.

"తొలి కాన్పు డాక్టరు గారూ. తల్లిని నేను వెళ్ళకపోతే ఎవరు చేస్తారు? నేను పోవచ్చునా, లేదా?" అన్నారు ఆవిడ.

"వెళ్ళవద్దని నేను అనడం లేదమ్మా. క్యాన్సరుకు వైద్యం చేసిన డాక్టరు గారు సరేనన్నారా?"

"ఆయన సరేనన్నారు. చలికి జాగ్రత్తగా వుండమన్నారు."

"చలితోపాటు గడ్డితో కూడా జాగ్రత్తగా వుండండి" అన్నాను.

ఆవిడ నావంక విచిత్రంగా చూశారు. గడ్డికి జాగ్రత్త చెప్పిన డాక్టరును అదివరకు చూసి వుండరు. అక్కడ వసంతం మొదలు శరదృతువు దాకా పిడుదులు చురుకుగా వుంటాయి. మన వాళ్ళు అక్కడికి వెళ్ళేదీ సరిగ్గా ఆ నెలల్లోనే. ఎండ కాస్తే చాలు, పిల్లలతో పార్కుకు వెళ్ళి గడ్డిలో దుప్పటి పరుచుకుని కూర్చోవడం అక్కడి అలవాటు. మన పెద్దవాళ్ళు చీర కుచ్చెళ్ళు గడ్డికి తగులుతూ చెప్పుల కాళ్ళతో నడుస్తారు. పిడుదుకు ఇంతకంటే మంచి నిచ్చెన దొరకదు. ఆవిడకు ఒక కాగితం మీద జాగ్రత్తలు రాసి ఇచ్చాను. ఆ కాగితంలో వున్నవే ఈ వ్యాసం చివర మీకూ ఇస్తున్నాను. అమెరికా వెళ్ళే తల్లిదండ్రులకు కూడా అవి పనికివస్తాయి. అక్కడ 2013లో, రిటుక్సిమాబ్ వాడిన ఒక వృద్ధురాలికి బొరేలియా మియమొటోయ్ అనే మరో పిడుదు బాక్టీరియా వల్ల మెదడు పొరలు వాచి మతి తప్పినట్లు డాక్టర్లు రాశారు. ఆవిడా వైద్యంతో కోలుకున్నారు.

మన ఇంటి గుమ్మంలో

విదేశాలు వెళ్ళనివాళ్ళు ఇక్కడితో పత్రిక మూసేయకండి. మన దేశంలోనూ పిడుదుల జ్వరం వుంది. దాని పేరు ఇండియన్ టిక్ టైఫస్. కారణం రికెట్సియా కొనోరై అనే బాక్టీరియా. దీన్ని మోసే పిడుదుల్లో ముఖ్యమైనది కుక్కల మీద వుండే గోధుమరంగు పిడుదు. ఇది అడవిదాకా పోనక్కరలేదు. గోడ పగుళ్ళలో, గుమ్మం సందుల్లో, కుక్క పడుకునే గోనెపట్టా కింద హాయిగా పిల్లాపాపలతో బతుకుతుంది. కుట్టిన వారం రోజులకు జ్వరం, విపరీతమైన తలనొప్పి, ఒళ్ళునొప్పులు వస్తాయి. మూడు నాలుగు రోజులకు ఒంటిమీద ఎర్రటి మచ్చలు వేస్తాయి. అరచేతుల్లో, అరికాళ్ళలో కూడా వేయడం దీని ప్రత్యేకత. కొందరికి కుట్టినచోట నల్లటి పక్కు కనబడుతుంది.

దీనికి దగ్గర చుట్టం స్క్రబ్ టైఫస్. దీన్ని మోసేది పిడుదు కాదు, పొదల్లో వుండే మైట్ అనే పురుగు పిల్ల. అది కంటికి ఆనడమే కష్టం. తెలుగు జిల్లాల్లో వానలు పడ్డ తర్వాత, చలికాలం మొదట్లో ఈ జ్వరం ఎక్కువగా కనబడుతుంది. చంకలో, గజ్జల్లో, రొమ్ముల కింద, నడుం పట్టీ దగ్గర సిగరెట్టుతో కాల్చినట్లు నల్లటి పక్కు ఒకటి వుంటుంది. నొప్పి వుండదు కనుక రోగికే తెలియదు. సిగ్గుపడి చూపించనివాళ్ళూ వున్నారు. దయచేసి ఈ విషయంలో సిగ్గుపడకండి. ఆ ఒక్క మచ్చ చూస్తే సగం పరీక్షలు తప్పుతాయి.

వీటిని మనవాళ్ళు "విషజ్వరం" అని ఒకే మాటలో తేల్చేస్తారు. విషం అనే పేరు పెడితే జబ్బు తెలిసినట్లు కాదు. మచ్చలు చూసి అమ్మవారనో, డెంగ్యూ అనో అనుకుని వూరుకోవడమూ మంచిది కాదు. ఈ జ్వరాలకూ డాక్సీసైక్లినే ముఖ్యమైన మందు. గర్భిణీలకు అజిత్రోమైసిన్ ఇస్తారు. స్క్రబ్ టైఫస్ ముదిరినవాళ్ళకు ఈ రెండు మందులూ కలిపి నరానికి ఎక్కిస్తే, ఒక్కటే ఇచ్చినదానికంటే మేలని మన దేశపు ఆస్పత్రుల్లోనే పరిశోధన చేసి 2023లో ప్రకటించారు. ఆలస్యమయితే మాత్రం ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, మెదడు దెబ్బతింటాయి.

పైన చెప్పిన హెడ్మాస్టరు గారి సంగతి ముగించాలి. ఆయనకు మధుమేహం వుంది, ఉబ్బసానికి చాలా కాలంగా స్టెరాయిడు మాత్రలు వాడుతున్నారు. ఎనిమిది రోజుల జ్వరం. అరచేతులు తిప్పి చూస్తే మచ్చలు. "కుక్క వుందా?" అని మళ్ళీ అడిగాను. ఆయన మాట్లాడలేదు. పక్కనున్న ఇల్లాలు, "ఉందండీ. రోజూ ఈయనే దానికి పిడుదులు ఏరి, గోటితో నలిపి పారేస్తారు. చెబితే వినరు" అన్నారు. మందు మొదలుపెట్టిన మూడో రోజుకు జ్వరం దిగింది. ఇప్పుడు ఆయనే వీధిలో వాళ్ళందరికీ పిడుదుల మీద పాఠాలు చెబుతున్నారట!

ఎవరు ఎక్కువ జాగ్రత్తపడాలి?

క్యాన్సరు వైద్యం పొందుతున్నవాళ్ళు, ఈమధ్యనే పూర్తిచేసుకున్నవాళ్ళు, మూత్రపిండం వంటి అవయవం మార్పిడి చేయించుకున్నవాళ్ళు, స్టెరాయిడ్లు, రిటుక్సిమాబ్ వంటి మందులు వాడేవాళ్ళు, ప్లీహం తీసేసినవాళ్ళు, వృద్ధులు. వీళ్ళకు జ్వరం వస్తే "చూద్దాంలే, రేపటికి తగ్గుతుంది" అనుకోకూడదు. ఆ రోజే డాక్టరును చూడాలి. అలాగని భయపడి మీ అసలు మందులు మీరే మానేయకండి. అది ఇంకా ప్రమాదం.

పిడుదు పట్టితే

1. కిరసనాయిలు, సున్నం, నూనె పూయవద్దు. అగరువత్తితో, సిగరెట్టుతో కాల్చవద్దు. ఇలా చేస్తే పిడుదు తన నోటిలోని ద్రవాన్ని గాయంలోకి కక్కే ప్రమాదం వుంది.

2. సన్నమొన వున్న పట్టకారు తీసుకుని, చర్మానికి ఆనించి, పిడుదు తల దగ్గర పట్టుకుని, మెలితిప్పకుండా తిన్నగా పైకి లాగండి. గోటితో నలపవద్దు.

3. కుట్టినచోటునూ, చేతులనూ సబ్బుతో కడుక్కోండి.

4. తేదీ కాలెండరు మీద రాసి పెట్టుకోండి. తర్వాత నాలుగు వారాల్లో జ్వరం గాని, మచ్చలు గాని, కాలు వాపు గాని వస్తే ఆ తేదీ డాక్టరుకు చెప్పండి.

5. పిడుదు కుట్టిందని మందుల షాపుకు వెళ్ళి మీ అంతట మీరు మాత్రలు కొని మింగవద్దు. ఎవరికి ఇవ్వాలి, ఎన్నాళ్ళు ఇవ్వాలి అన్నది డాక్టరు తేల్చాలి.

పట్టకుండా వుండాలంటే

గడ్డిలో, పొదల్లో నడిచేటప్పుడు లేతరంగు బట్టలు, పూర్తి పాంటు లేక సల్వారు, మేజోళ్ళు, బూట్లు వేసుకోండి. పాంటు అంచులు మేజోళ్ళలో దోపుకోండి. కాలిబాట మధ్యన నడవండి. ఇంటికి రాగానే స్నానం చేసి చెవుల వెనక, చంకలు, బొడ్డు, గజ్జలు, మోకాళ్ళ వెనక భాగం చూసుకోండి. వెనకవైపు ఇంట్లోవాళ్ళ చేత చూపించుకోండి. కుక్కకు పిడుదులు పట్టకుండా పశువైద్యుడు ఇచ్చే మందు వాడండి. అది పడుకునే పట్టాను వేడినీళ్ళలో వుతకండి. గోడ పగుళ్ళు పూడ్పించండి. నిరోధకశక్తి తగ్గినవాళ్ళు కుక్కకు పిడుదులు ఏరే పని ఇంట్లో ఇంకొకరికి అప్పగించాలి.

ఇందులో ఖర్చుతో కూడిన పని దాదాపు ఏమీ లేదు. ముఖ్యంగా, అంతుపట్టని జ్వరంతో డాక్టరు దగ్గరకు వెళ్ళినప్పుడు ఆయన అడగకపోయినా మీరే చెప్పండి. ఎక్కడికి వెళ్ళివచ్చారో, ఇంట్లో ఏ జంతువు వుందో, ఏ మందులు వాడుతున్నారో, ఒంటిమీద ఎక్కడైనా మచ్చ గాని పక్కు గాని వుందో లేదో చెప్పండి. రోగి చెప్పే ఇలాంటి చిన్న మాటలే చాలాసార్లు జబ్బును పట్టిస్తాయి.